ఇటుక దాటిన కారు

అడ్వాన్సు కింద కోడిపెట్టను పుచ్చుకున్న డిటెక్టివ్ జగిత్యాల మొత్తానికి మా ఆయన ఒక్కరే అయి ఉంటారు.

సారంగాపూర్ నుంచి వచ్చిన వజ్రమ్మ దాన్ని సంచిలోంచి తీసి, కాళ్లకు కట్టిన గుడ్డపేలిక విప్పకుండానే మా ఆఫీసు బల్ల మీద కూర్చోబెట్టింది. ఎర్రటి పెట్ట. మెడ చుట్టూ నల్లటి చుక్కలు. అది తల తిప్పి ఒక కన్నుతో మా ఆయనను, రెండో కన్నుతో నన్ను పరీక్షగా చూసింది.

"పెట్ట మంచిది సారూ. ఏ జాగల కూసోవెట్టినా గుడ్డు పెడ్తది. నా కొడుకును మాత్రం ఇడిపియ్యాలె" అంది వజ్రమ్మ.

"కోడి వద్దవ్వా. ముందుగాల సంగతేందో చెప్పు."

"కోడి వద్దంటె మీరు కేసు పట్టుకున్నట్టు నాకు నమ్మకం కాదు."

మా ఆయన నా వైపు చూశారు. పెళ్లయి ఇంకా నెల నిండలేదు కనుక ఆ చూపులకు అర్థాలు పట్టుకోవడం నాకు రోజూ ఒక పండగే. ఈ చూపుకు 'తీసుకో' అని అర్థం. తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాను. డిసెంబరు చలిలో ఒళ్లో కోడిని పెట్టుకుని కేసు వింటే ఎంత వెచ్చగా ఉంటుందో ఎమ్మెస్సీ ఫిజిక్సు చదివిన రెండేళ్లలో ఒక్క లెక్చరరూ చెప్పలేదు.

మా ఆయన పేరు ధనుంజయ్. ఆయన దగ్గరికి వచ్చేవన్నీ దాదాపు పెళ్లికొడుకుల కేసులే. దుబాయ్‌లో పిల్లవాడు నిజంగా సూపర్‌వైజరేనా, దోహాలో పిల్లవాడికి అక్కడొక సంసారం ఉందా, ఇలాంటివి. సిరిసిల్లలో మా నాన్న రాజమౌళి కూడా నాకు చూసిన ఒక సంబంధం గురించి కనుక్కోమని ఆయననే పంపారు. ఆయన వెళ్లి, వచ్చి, 'పిలగాడు పనికిరాడు' అని చెప్పి, మా అమ్మ ఇచ్చిన చాయ్ తాగి, 'డిటెక్టివ్ పనికొస్తడా' అని అడిగారు. నేను తలుపు వెనక నిలబడి నవ్వు ఆపుకోలేకపోయాను. ఆ నవ్వే మా నిశ్చితార్థం.

వజ్రమ్మ కేసు మాత్రం పెళ్లికొడుకులది కాదు. ఆమె కొడుకు మహేశ్ డ్రైవరు. భర్త తాటిచెట్టు మీది నుంచి పడి మంచం పట్టినప్పటి నుంచి ఇంటికి వాడొక్కడే ఆధారం. మొదటి ఏజెంటు పాస్‌పోర్టుతో సహా మాయమయ్యాక, రెండో ఏజెంటు పుణ్యమా అని కువైట్‌లో ఇంటి డ్రైవరుగా వీసా వచ్చింది. ఈ వారంలోనే ప్రయాణం. ఈలోగా ఖాళీగా ఎందుకని కోరుట్లలో ప్రేమ్‌కుమార్ అనే ఆయన దగ్గర తాత్కాలికంగా పనికి చేరాడు. ప్రేమ్‌కుమార్ పద్దెనిమిదేళ్లు మస్కట్‌లో ఉండి వచ్చి, గేరు మార్చే పనిలేని ఆటోమేటిక్ కారు ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు.

"ఆదివారం పొద్దుగాల గా కారు గేటు దాటి, ఎదురుంగ ఉన్న నారాయణ హోటల్‌ను గుద్దింది సారూ. నారాయణ కాలు ఇరిగింది. అందరు ఉరికచ్చి చూస్తె కారుల నా కొడుకు ఉన్నడు. వాడేమో, 'అవ్వా, బండి దానంతట అదే పోయింది, నేను ఉరికి ఎక్కి ఆపిన' అంటున్నడు. ఎవలు నమ్ముతరు? కేసు రాస్తె పాస్‌పోర్టు పోలీసుల కాడనే ఉంటది. కువైట్ లేదు, ఏం లేదు."

"కేసు ఇంకా రాయలేదా?"

"ఇన్సూరెన్సు సారు రిపోర్టు రేపు ఇస్తడట. అది చూసి రాస్తమన్నరు."

"ఎవరా సారు?"

"రాములు సారట."

మా ఆయన కుర్చీలోంచి లేచారు. నేను కోడితో సహా లేచాను.

* * *

రాములు రిటైరైన హెడ్ కానిస్టేబుల్. ఇప్పుడొక ఇన్సూరెన్సు కంపెనీకి ప్రమాదాల విచారణ చేసి పెడతాడు. మా ఆయనకూ ఆయనకూ మూడు కేసుల్లో పేచీ వచ్చింది. మూడింట్లోనూ ఇద్దరూ తామే గెలిచామని చెప్పుకుంటారు. పక్కింటి పిల్లి భయానికి కోడిని బుట్టలో పెట్టుకుని మేం స్కూటీ మీద కోరుట్ల చేరేసరికి, ప్రేమ్‌కుమార్ ఇంటి వాకిట్లో ఆయన నల్లకళ్లద్దాలు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన కంటే ఒక అడుగు ముందు ఆయన బొజ్జ నిలబడి ఉంది.

"అచ్చినవా తమ్మీ! పెళ్లైందట, మంచిగైంది. ఏం కేసు మీద అచ్చినవ్, కోడి తప్పిపోయిందా?" అన్నాడు బుట్ట వైపు చూస్తూ.

"కోడి మా క్లయింటుది అన్నా. నీ క్లయింటు ఏం పెట్టిండు?"

"నా క్లయింటు కంపెనీ. కంపెనీ కోళ్లు పెట్టది. ఇటు రా, అయిపోయిన కేసును నీకు మల్లొక్కసారి చూపిస్త."

తెల్లటి కారు వాకిట్లో గేటు వైపు ముఖం పెట్టి ఉంది. ముందు బంపరు నలిగింది. రాములు దాన్ని అప్పుడే పోలీస్ స్టేషను నుంచి తోలుకొచ్చాడు. ఒక ఇటుక తెచ్చి ముందు చక్రానికి అడ్డం పెట్టాడు.

"ఈ ఇటుక ఎవరిది?" అని మా ఆయన అడిగారు.

"నాదే" అన్నాడు ఇంటాయన ప్రేమ్‌కుమార్. గుమ్మానికి తల తగిలేంత ఎత్తు మనిషి. "బండిని ఆపినప్పుడు 'పి'ల పెట్టాలె గద సార్. నాకు గా 'పి' మీద నమ్మకం లేదు. ఒక్క అక్షరం మీద గింత బరువును ఎట్ల ఇడిసిపెడ్తం? మస్కట్‌ల గూడ ఇటుక పెడుతుంటి. మా అరబ్బు నవ్వుతుండె."

"ఆదివారం పొద్దున గూడా ఇటుక ఉందా?"

"ఉన్నది. దాన్ని దాటే పోయింది."

"గదే తమ్మీ పాయింటు!" రాములు సీటులో కూర్చున్నాడు. సీటు చివరికంటా వెనక్కి జరిపి ఉంది. ఆ బొజ్జకు ఆ మాత్రం జాగా కావాలి మరి. ఇంజిను స్టార్ట్ చేసి, బ్రేకు మీద కాలు పెట్టి, గేరు కర్రను 'పి' నుంచి ముందుకు పోయే 'డి'లోకి లాగి, రెండు కాళ్లూ ఎత్తి డోరు బయటికి చాపి అందరికీ చూపించాడు. కారు మెల్లగా కదిలి ఇటుకను తాకింది. అక్కడే ఆగిపోయి, దూడ తల్లిని కుమ్మినట్టు ఇటుకను నెట్టుకుంటూ నిలబడింది. దాటలేదు.

"చూసినవా? కాలు తియ్యంగనే బండి ఉత్తగ పాకుతది, గంతే. ఇటుక దాటాలంటె ఎవడో ఎక్సలేటర్ తొక్కాలె. తొక్కాలంటె మనిషి లోపట ఉండాలె. లోపట ఉన్నోడు ఎవడు? మహేశ్ గాడు. లెక్క తేలింది. ఇంటికి పోయి కోడిని వండుకో."

వాకిలి మూలన నిలబడ్డ మహేశ్ తల ఇంకా కిందికి వాలింది. వాడు కూడా పొడుగే. మా వెనకే బస్సులో వచ్చిన తల్లి భుజం వెనక ఆ పొడుగు మనిషి దాక్కోవాలని చూస్తుంటే నాకు నవ్వు రాలేదు.

మా ఆయన వాణ్ని పక్కకు పిలిచారు.

"ఆ టైముల నువ్వు ఎక్కడున్నవ్?"

"ఇంటెనుక బోరింగు కాడ సార్. కొండగట్టుకు పూజకు పోవాలె, అద్దం మీద మంచు తుడుద్దామని బకిటల నీళ్లు పడుతున్న. మంచు ఎట్లుండెనంటె, నేను తెరిచిపెట్టిన గేటు గూడ కనవడ్తలేదు. సప్పుడైతె ఉరికచ్చిన."

"ఏం సప్పుడు?"

"ముందుగాల ఇంజిను ఒర్లింది. పొద్దుగాల అది ఎప్పుడు గట్లనే ఒర్లుతది. తర్వాత 'దడ్'మని ఒక గుద్దు."

"గుద్దు హోటల్ కాడనా, వాకిట్లనా?"

మహేశ్ ఆలోచించాడు. "వాకిట్ల సార్. హోటల్‌ది తర్వాత."

"బండి ఎంత స్పీడుల పోతుండె?"

"మనిషి జరంత తొందరగ నడిచినట్టు. నేను గేటవుతల అందుకున్న. డ్రైవర్ దిక్కు డోరు సగం తెరిచే ఉండె. లోపట ఎవ్వలు లేరు. నా పానం మీద ఒట్టు సార్."

"డోరు తెరిచి ఉండె!" రాములు దూరం నుంచే పక్కుమన్నాడు. "దయ్యం దిగి తలుపు మూసుడు మర్శిపోయింది!"

మా ఆయన గేటు దగ్గరికి నడిచారు. నేను వెనకే వెళ్లాను. కుడివైపు స్తంభం మీద నా నడుము ఎత్తున తెల్లరంగు గీరుకుపోయిన మరక ఉంది. కారుకు కూడా కుడివైపున గీత పడింది. కానీ డ్రైవరు డోరు వెనక అంచు మీద మాత్రమే.

"సంధ్యా, అద్దం చూడు" అన్నారు ఆయన.

నా జుట్టు సంగతేమో అనుకుని చెయ్యి పైకి పోయింది. ఆయన చూపించేది కారు పక్కనుండే అద్దాన్ని. దానికి చిన్న గీత కూడా లేదు.

"అందరికంటే బయటికి ఉండేది అద్దం. బండి స్తంభానికి రాసుకుంటే ముందు అది పగలాలి కదా?" అన్నాను.

"అద్దం పగల్లేదు. ముందు చక్రం పక్కన గీత లేదు. డోరు అంచు ఒక్కటే రాసుకుంది. అంటే?"

"అంటే… అప్పటికే డోరు తెరిచి ఉంది. స్తంభం దాన్ని సగం మూసింది!" నాకు గెంతాలనిపించింది. రాములు చూస్తున్నాడని ఊరుకున్నాను.

"మహేశ్ చెప్పింది నిజమే. లోపల ఉన్న మనిషి గేటు దాకా కూడా రాకుండానే దూకేశారు. ఇక ఇటుక సంగతి ఒక్కటే తేలాలి."

* * *

ప్రేమ్‌కుమార్‌ను లోపల కూర్చోబెట్టి అడగాల్సి వచ్చింది. రాములు బయట కారుకు ఫోటోలు తీస్తున్నాడు. ప్రేమ్‌కుమార్ భార్య రాధిక మాకు చాయ్ తెచ్చింది. అల్లం వేసిన చాయ్! దాంతోపాటు సర్వపిండి పెట్టడానికి, అలమరలో పై అరనున్న డబ్బా కోసం పీట వేసుకుని, దాని మీద మునివేళ్లతో నిలబడింది. నా భుజం దాకా వచ్చే మనిషి. భర్త మస్కట్‌లో ఉన్నన్నాళ్లూ బీడీలు చుట్టి ఇల్లు నడిపిందట. ఇంత మంచి సర్వపిండి చేసే మనిషి, ఇంత పొడుగాటి మనిషిని పద్దెనిమిదేళ్లు ఫోనులోనే చూసుకుందా అని నాకు దిగులేసింది. ఇంకో ముక్క తీసుకున్నాను.

"మస్కట్‌కు మళ్ల ఎప్పుడు పోతున్నరు?" అని మా ఆయన అడిగారు.

"పోత సార్. లీవుల ఉన్న" అన్నాడు ప్రేమ్‌కుమార్, చాయ్ గ్లాసులోకి చూస్తూ.

"మీరే కారు నడుపుతరా?"

"నా ఇండియా లైసెన్సు ఎన్నడో అయిపోయింది. గందుకే మహేశ్‌ను పెట్టుకున్న. అబద్ధం ఎందుకు చెప్పాలె సార్, నేను సప్పుడుకు లేచి బయటికచ్చేసరికి మహేశ్ సీట్ల ఉన్నడు. నేను చూసింది గదే చెప్పిన. పోరడు మంచోడే. కానీ బండి ఉత్తగనే ఇటుక దాటుతదా?"

"పగటిపూట దాటదు. చలికి దాటుతది."

"చలికా?"

మా ఆయన డిటెక్టివ్ కాకముందు కరీంనగర్‌లో ఒక కార్ల షోరూంలో పనిచేశారు. చలికాలం రాగానే ఆటోమేటిక్ బండ్లు కొన్నవాళ్లు వరసగా వచ్చి 'పొద్దుగాల బండి గుద్దుతుంది' అని పోట్లాడేవారట.

"మామూలు బండిల ఇంజిన్‌కు, చక్రాలకు నడిమిట్ల క్లచ్ ఉంటది. దీంట్ల నూనె ఉంటది. ఇంజిను నూనెను తిప్పుతది, నూనె గేరును నెట్టుతది. గందుకే 'డి'ల పెట్టి కాలు తీస్తె బండి పాకుతది. ఇప్పుడు ఇంజిను రాత్రంత చల్లవడ్డదనుకో. స్టార్ట్ చేయంగనే అది తనను తాను వేడి చేసుకునుటానికి జోరుగ తిరుగుతది. మహేశ్ చెప్పిన ఒర్లుడు గదే. నూనె గూడ చిక్కగుంటది."

"చలికాలం కొబ్బరినూనె సీసాలో పేరుకున్నట్టు" అన్నాను నేను. ఇంత చదివి ఒక్క మాటైనా అనకపోతే ఎలా?

"అంత గడ్డకట్టదు గాని, గదే దారి" అన్నారు ఆయన, నావైపు మెచ్చుకోలుగా చూసి. "గందుకే 'డి'ల పెట్టంగనే గేరు పడది. జరంత ఆగి, 'దడ్'మని పడుతది. ఇంజిను అప్పటికే జోరుమీద ఉంటది గద, ఆ ఊపుకు ఇటుక ఒక లెక్క గాదు. ఐదారు కిలోమీటర్లు పోయినంక ఇంజిను నెమ్మది అయితది, గేరు మెత్తగ పడుతది. అప్పుడు గా ఇటుకనే కొండ. రాములన్న స్టేషన్ కాడికెళ్లి బండిని వేడివేడిగ తోలుకచ్చి పరీక్ష పెట్టిండు. ఆదివారం నాడు బండి చల్లగుండె."

"మస్కట్‌ల ఎన్నడు గట్ల కాలేదు సార్."

"మస్కట్‌ల మీకు చలి ఎక్కడిది?"

రాధిక ఖాళీ గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్లింది.

"ఈ సంగతి రాములన్నకు చెప్పకున్రి. ఊకె పేచీ పెడ్తడు. రేపు పొద్దుగాల ఆయనతోనే బండి ఇటుక దాటిపిస్త" అన్నారు మా ఆయన.

బయటికి వచ్చి రాములుతో ఒకే మాట చెప్పారు. "రేపు పొద్దున మళ్లీ ఇదే పరీక్ష. నువ్వే చెయ్యాలె. ఇటుక దాటకపోతే నీ రిపోర్టు మీద నేను సాక్షి సంతకం పెడత."

"పొద్దుగాల్నే ఎందుకు?"

"గాలి మంచిగుంటది."

రాములు అనుమానంగా చూశాడు గానీ, మా ఆయన సంతకం ఆయనకు లడ్డూలాంటిది. "సరే. బండి ఈడనే ఉంటది. తాళంచెయ్యి నా జేబుల ఉంటది. రెండోది?"

"దేవుని పటం కాడ పెట్టినం. పూజకు" అన్నాడు ప్రేమ్‌కుమార్.

"గక్కడనే ఉండనియ్. దేవుడు డ్రైవింగు చెయ్యడు" అని రాములు తన బొజ్జను ముందు పంపి, తాను వెనక వెళ్లాడు.

* * *

తెల్లవారుజామున మంచు దట్టంగా ఉంది. ఒకే శాలువా ఇద్దరం కప్పుకుని, నా ఒళ్లో కోడి బుట్టతో జగిత్యాల నుంచి వచ్చాం. ముక్కులు ఎర్రబడ్డాయి. ఎంత బాగుందంటే, కేసు సంగతి గుర్తొచ్చి సిగ్గేసింది.

వజ్రమ్మ అప్పటికే మహేశ్‌తో గేటు దగ్గర ఉంది. నారాయణ కట్టు కట్టిన కాలును ఒక స్టూలు మీద చాపి, తాను ఇంకో స్టూలు మీద కూర్చున్నాడు. "నన్ను గుద్దినోడెవడో నా కండ్లతోటి చూడాలె" అని పట్టుబట్టి మోయించుకుని వచ్చాడట. ప్రేమ్‌కుమార్ మఫ్లరులో ఉన్నాడు. ఇటుక చక్రం ముందు ఉంది.

రాములు తాళం తీసి, డోరు తెరిచి, దర్జాగా కూర్చోబోయాడు. ఒక కాలు లోపలికి పోయింది. తల పోయింది. బొజ్జ స్టీరింగుకు ఆనుకుని అక్కడే ఆగిపోయింది. ముందుకు పోలేడు, వెనక్కి రాలేడు. హారను దానంతట అదే 'పోం' అని మోగింది.

నారాయణ విరిగిన కాలు మరిచిపోయి నవ్వాడు. "సారూ, రాత్రి ఏం తిన్నరు? నా హోటల్‌కైతె రాలేదు గద!"

"నవ్వకున్రి! ఎవడో సీటు గుంజిండు!" రాములు కింద తడుముకుని, పిడి దొరికించుకుని సీటును వెనక్కి నెట్టాడు. అందరూ నవ్వుతున్నారు. మా ఆయన మాత్రం నవ్వడం లేదు. సీటు వైపే చూస్తున్నారు.

ఇంజిను స్టార్ట్ అయింది. నేను చెవులు రిక్కించాను. ఇక ఒర్లుతుంది, ఇక ఒర్లుతుంది అనుకుంటున్నాను. అది పాలు తాగిన పిల్లిలా గురగురమంది. రాములు 'డి'లోకి లాగాడు. దడ్ లేదు, గుద్దు లేదు. కారు మెత్తగా కదిలి, ఇటుకను తాకి, ఆగిపోయింది.

రాములు రెండు కాళ్లూ బయటికి చాపి ఆడించాడు. "తమ్మీ! గాలి మంచిగనే ఉన్నది! సంతకం?"

వజ్రమ్మ ఉన్నచోటనే చతికిలబడింది. ఏడవలేదు. కొడుకు చెప్పుల వైపు చూస్తూ ఉండిపోయింది. మహేశ్ వంగి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. నూనె చిక్కబడలేదా? మా ఫిజిక్సు తప్పా? మా ఆయన తప్పా?

అప్పుడు నా చేతిలోని బుట్ట కుదిపినట్టయింది. కోడి మూత నెట్టుకుని, రెక్కలు టపటపలాడించి, ఎగిరి నేరుగా కారు బానెట్ మీద వాలింది. రెండు అడుగులు వేసింది. ఒళ్లు ఉబ్బించుకుంది. పొదగడానికి కూర్చున్నట్టు చక్కగా కూర్చుని కళ్లు మూసుకుంది.

"ఏయ్, ష్!" రాములు ఇంజిను ఆపి దిగివచ్చి చెయ్యి ఊపాడు. కోడి ఒక కన్ను తెరిచి, ఆయన అంత ముఖ్యమైన మనిషి కాదని తేల్చుకుని మళ్లీ మూసింది.

నేను దాని పక్కన చెయ్యి పెట్టాను. నిన్న ఒళ్లో పెట్టుకున్నప్పటి వెచ్చదనమే!

"ఏమండీ! బానెట్ వెచ్చగుంది!"

"ఇప్పుడే గద స్టార్ట్ చేసింది" అన్నాడు రాములు.

"ఇప్పుడు స్టార్ట్ చేస్తే ఇంత తొందరగా రేకు వేడెక్కదు. ఇటు చూడండి" అన్నాను. కారు పైకప్పు మీద మంచు నీళ్లు ముత్యాల్లా ఉన్నాయి. డిక్కీ తడిసి ఉంది. అద్దాలు మసకబారి ఉన్నాయి. బానెట్ ఒక్కటే పొడిగా ఉంది.

మా ఆయన మెల్లగా అన్నారు. "రాములన్నా, మనం రాకముందే ఈ బండిని ఎవరో చాలాసేపు నడిపిచ్చిన్రు. పరీక్ష తప్పాలని వేడి చేసిన్రు."

"తాళంచెయ్యి నా జేబుల ఉన్నది! నన్ను అంటున్నవా?"

"నిన్ను ఎందుకంట? నువ్వు సీట్లనే పట్టకపోతివి. ఆదివారం నాడు నువ్వు మొదట తీసిన ఫోటోలు ఉన్నయా?"

రాములు గొణుగుతూ ఫోను తీశాడు. హోటల్ గోడకు ఆనుకున్న కారు, తెరిచిన డోరు, లోపల సీటు. వేళ్లతో పెద్దది చేసి చూశాం. సీటు స్టీరింగు మీదికి ఎక్కినంత ముందుకు ఉంది.

"నిన్నటి పరీక్షకు సీటును వెనక్కి జరిపింది నువ్వేనా?"

"జరపకుంటె ఎట్ల కూసుంట?"

"మహేశ్, సీటును ఫోటోల ఉన్నట్టు ముందుకు గుంజి కూసో."

మహేశ్ సీటు ముందుకు లాగి కూర్చోబోయాడు. మోకాళ్లు స్టీరింగుకు తగిలి, మడతమంచంలా ఇరుక్కున్నాడు. నారాయణ మళ్లీ నవ్వబోయి ఆగాడు. రాములు కళ్లద్దాలు తీశాడు. ఆయన కళ్లు చిన్నవి, తెలివైనవి.

"వీడు బండిని ఆపనీకె ఎక్కింది నిజమే" అన్నాడు రాములు నెమ్మదిగా. "అడ్డదిడ్డంగ దూరి బ్రేకు తొక్కిండు. నడిపినోడు మాత్రం ఈ సీట్ల హాయిగ కూసున్నడు. పొట్టోడు."

"పొట్టోడే అని ఎట్ల అంటవ్ అన్నా?" అన్నారు మా ఆయన.

చలి సంగతి మా ఇద్దరికి కాక, ప్రేమ్‌కుమార్‌కు తెలుసు. ఆయన సీటు ముందుకు లాగితే మహేశ్ కంటే ఎక్కువ ఇరుక్కుంటాడు. ఆ గదిలో ఇంకెవరున్నారు? అల్లం చాయ్, సర్వపిండి, పీట మీద మునివేళ్లు… నేను గుమ్మం వైపు తిరిగాను.

రాధిక అక్కడే నిలబడి ఉంది. చేతిలో రెండో తాళంచెవి. దానికి దేవుడి దగ్గరి కుంకుమ అంటుకుని ఉంది.

"నేనే సార్" అంది.

ప్రేమ్‌కుమార్ చుట్టూ చూశాడు, ఇంకెవరో మాట్లాడారేమో అన్నట్టు. "నువ్వా? నీకు డ్రైవింగ్ వస్తదా?"

"ఇటుక దాక వస్తది."

ఆమె భర్త వైపు తిరిగింది.

"మీరు బయట తిరిగచ్చి పండుకున్నంక నేను కూసుండి నేర్చుకుంటున్న. 'డి'ల పెడుత, కాలు తీస్త, ఇటుక కాడ ఆగుతది, మళ్ల 'పి'ల పెడుత. ఎన్నడు దాటలేదు. ఆదివారం మీకంటె ముందు లేసిన. మంచుల ఎవ్వలు చూడరని కూసున్న. 'డి'ల పెడితె ముందు కదల్లేదు. గేరు పడలేదేమో అనుకున్న. దడ్‌మని పడ్డది, ఇటుక దాటింది. బ్రేకు ఏదో ఎక్సలేటరేదో తెల్వలేదు. భయానికి దుంకి ఇంట్లకు ఉరికిన. మహేశ్ ఉన్నడని బయటికచ్చినంక చూసిన. నోరు లేవలేదు. నిన్న సార్ చలి సంగతి చెప్పంగ విన్న. ఇయ్యాళ పొద్దుగాల బైపాసు దాక పోయచ్చిన. దేవుడా దేవుడా అనుకుంట పోయిన."

"బైపాసు దాకనా! నాకే భయమైతది గక్కడ!" అన్నాడు ప్రేమ్‌కుమార్. అతని గొంతులో కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువ ఉంది.

వజ్రమ్మ లేచి ఆమె ముందుకు వెళ్లింది. "నా కొడుకు బతుకు పోతుంటె చూసుకుంట ఊకున్నవా బిడ్డా?"

రాధిక తల ఎత్తలేదు. "తప్పయింది పెద్దమ్మా. పోలీసులు నన్ను పట్టుకపోతె ఈయన మళ్ల బయటి దేశం పోతడు, ఇంట్ల ఎవ్వలుండరు. మస్కట్‌ల ఈయన కంపెనీ మూసేసిన్రని నాకు ఎర్కనే. లీవు అని చెప్పిండు. నేను కారు నేర్చుకుంటె, బీడీల కార్ఖానాకు పొయ్యే ఆడోళ్లను తోలుకపోవచ్చు, బడి పిల్లలను తోలచ్చు, ఈయన మళ్ల పోయే పనుండదు అనుకున్న. గంతే."

ప్రేమ్‌కుమార్ గుమ్మం మెట్టు మీద కూర్చున్నాడు. కూర్చున్నా ఆమె భుజం దాకా ఉన్నాడు. "నాకు వీసా అచ్చింది" అన్నాడు. "దోహాకు. పండుగలైనంక చెప్దామనుకున్న."

నేను మా ఆయన చెయ్యి పట్టుకున్నాను. రాములు చూస్తే చూడనీ.

రాములు గొంతు సవరించుకుని, రిపోర్టు కాగితాన్ని బానెట్ మీద కోడి పక్కన పెట్టి, పెన్ను తీసి మహేశ్ పేరు మీద అడ్డంగా గీత కొట్టాడు. ఒకటి చాలక ఇంకోటి కొట్టాడు. మహేశ్ గట్టిగా ఊపిరి వదిలాడు. వజ్రమ్మ కొడుకు వీపు మీద ఒక దెబ్బ వేసి, అదే చేత్తో నిమిరింది.

"కొట్టేసుడైతె అయింది. ఖాళీ జాగల ఇంకో పేరు రాయాలె" అన్నాడు రాములు. గొంతు పోలీసుదే గానీ, పెన్ను కదలడం లేదు. "లైసెన్సు లేకుంట నడిపినోళ్ల మీద కేసు అయితది. వీసా ఉన్నోళ్లైతె వీసా పాయె. ఎవరి పేరు రాయాలె?"

"నాది" అన్నాడు ప్రేమ్‌కుమార్.

"నాది" అంది రాధిక.

ఒకేసారి అన్నారు. తర్వాత ఒకరినొకరు కోపంగా చూసుకున్నారు.

"ఒక్క సీటుకు ఒక్కటే పేరు!" అన్నాడు రాములు. మొదటిసారి మా ఆయన వైపు సాయం కోసం చూశాడు. మా ఆయన నారాయణ వైపు చూశారు. నారాయణ తన కట్టు వైపు చూసుకున్నాడు.

అంతలో కోడి గట్టిగా కొక్కొక్కొమంటూ లేచి నిలబడింది. దాని కింది నుంచి తెల్లటి గుడ్డొకటి వాలుగా ఉన్న బానెట్ మీద దొర్లుతూ కిందికి జారింది. రాములు పెన్ను వదిలేసి రెండు చేతులూ చాపి పట్టుకున్నాడు. పెన్ను మంచుకు తడిసిన బురదలో పడింది. ఆయన ఆ వెచ్చటి గుడ్డును దోసిట్లో పెట్టుకుని, ఏం చెయ్యాలో తెలియక అలాగే నిలబడ్డాడు.

"నేను చెప్పిన గద సారూ, ఏ జాగల కూసోవెట్టినా పెడ్తదని" అంది వజ్రమ్మ.

ఆ పెన్ను కోసం ఎవరూ వంగలేదు.